మట్టిలో పెట్టిన రిమోట్

అరవం లెక్కన ఆడి మాసం మూడో శుక్రవారం, మధ్యాహ్నం మూడుంపావు. మా చిన్న తమ్ముడు మా పెద్ద తమ్ముడి గడప ముందుకు వచ్చి నిలబడింది అప్పుడు. గోడ గడియారం చూసి చెప్పడం లేదు, అది ఆగిపోయి చాలా కాలమైంది. కొత్త టీవీ మూలన వెలిగే అంకెలు చూసి చెబుతున్నాను. అంకెలు నాకు చిన్నప్పుడే వచ్చు. అక్షరాలు మాత్రం మనవరాళ్ళు పుట్టాక వచ్చాయి. అరవం అక్షరాలు సాయంత్రం బడిలో నేర్చుకున్నాను. మేము ఇంట్లో మాట్లాడే తెలుగుకి కూడా అక్షరాలు ఉన్నాయని ఇంకా ఆలస్యంగా తెలిసింది, అవి ఫోనులో చూసి దిద్దుకున్నాను. నా రాత వంకరగా ఉంటే ఉంటుంది. జరిగినది మాత్రం వంకర లేకుండా రాస్తాను.

ముందు మా వాళ్ళెవరో చెప్పాలి. నేను పెద్దదాన్ని, నా తరువాత ఇద్దరు తమ్ముళ్ళు. నన్ను విరుదునగరుకి ఇచ్చారు. తమ్ముళ్ళిద్దరూ కోవిల్‌పట్టిలో ఒకే సందులో, ఎదురెదురు ఇళ్ళలో ఉన్నారు. సందు ఎంత ఇరుకంటే ఒకరింట్లో తాలింపు వేస్తే ఎదురింట్లో తుమ్ముతారు. ఒక గడప మీద నిలబడితే ఎదురింటి టీవీలో బొమ్మ కనిపిస్తుంది. ఇద్దరిదీ ఒకే గొంతు. ఫోను చేస్తే నాకే తెలిసేది కాదు, "యెవడ్రా నువ్వు, పెద్దోడా, చిన్నోడా?" అని అడిగి తరువాత మాట్లాడేదాన్ని. అంత దగ్గరగా ఉండి వాళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి ఒకరితో ఒకరు మాట్లాడలేదు.

దానికి కారణం కూడా రిమోటే.

అమ్మ ఉన్నప్పుడు అందరూ పెద్ద తమ్ముడి ఇంట్లోనే కలిసి ఉండేవాళ్ళు. అమ్మ లోపలి గదిలో మంచాన పడి ఉంది. ఆ రోజు ముందు గదిలో తమ్ముళ్ళిద్దరూ క్రికెట్ చూస్తున్నారు. ఆట చివరికొచ్చింది. టీవీ మోత సందంతా వినిపించిందట. ఆట ముగిసి లోపలికి వెళ్ళి చూస్తే అమ్మ ప్రాణం పోయి ఉంది. చెంబు మంచం కింద దొర్లి ఉంది. నేను విరుదునగరు నుంచి వచ్చేసరికి శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. దాని పక్కన కూర్చుని వెనకింటి ఆమె అన్నది: "నీళ్ళు, నీళ్ళు అని పిలస్తా ఉండె. నా పెరట్లోకే వినపడె. లోపలుండే మీకు వినపడలేదా?"

ఆమె చెడుబుద్ధితో అనలేదు. కానీ ఆ మాటతో ఇల్లు రెండుగా చీలింది. శబ్దం పెంచినది ఎవరు? రిమోట్ ఎవరి చేతిలో ఉంది? నీ చేతిలోనే ఉండె అంటే నీ చేతిలోనే ఉండె అని ఇద్దరూ మొదలుపెట్టారు. పదహారో రోజు కర్మ దాటినా ఆపలేదు.

మా వాళ్ళలో తెగని తగవుకి ఒకటే దారి. నాగలాపురం దగ్గర నల్లరేగడి చేలలో మా కులదేవత ఉంది. గోపురం లేదు, ఒక రాయి, ఒక శూలం. ఆ రాతి ముందు కర్పూరం వెలిగించి, మంట మీద అరచెయ్యి మూసి ఆర్పుతూ ప్రమాణం చెయ్యాలి. సూడం అణచడం అంటాము. అణిచినవాడు చెప్పిందే నిజం, ఆ తరువాత ఎవరూ నోరెత్తకూడదు. పెద్దవాడు అణిచాడు, రిమోట్ నా చేతిలో లేదని. చిన్నవాడూ అణిచాడు, నా చేతిలో లేదని. ఒకే రాయి ముందు, ఒకే పూట. చిన్నవాడు దానికి ఇంకొకటి చేర్చాడు: "ఇంక నీ గడప తొక్కను. నీ ఇంట్లోవాళ్ళతో మాట్లాడను." వద్దురా అనేలోపే వాడి చెయ్యి మంట మీద ఉంది.

చిన్నవాడు ఎదురింటికి మారాడు. అందులో మాట తప్పలేదు. సందులో కూడా గొంతు ఎత్తేవాడు కాదు, అవతలి ఇంట్లోకి వినపడితే మాట్లాడినట్టవుతుందని. పెద్దవాడు ఆ రోజు నుంచి టీవీ శబ్దం పెంచలేదు. పాటలు పెట్టుకుంటే పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా గొణుగుడులాగే వినపడేది. "ఇది చూసేదానికి టీవీ, వినేదానికి కాదు" అని వాడి పెళ్ళాం, మా మరదలు ఎగతాళి చేసేది. పెద్దవాడు నవ్వేవాడు కాదు. మధ్యమధ్యలో లోపలి గదివైపు తల తిప్పి చూసేవాడు. అమ్మ పోయి ఎన్నేళ్ళయినా ఆ చూపు పోలేదు.

ఈ ఏడు పంగుని నెల ఎండల్లో పెద్దవాడు పోయాడు. తాళ్ళు అల్లిన కుర్చీలో కూర్చుని, చేతిలో రిమోట్ పెట్టుకుని పోయాడు. వేళ్ళు విప్పితే రాలేదు. మా వాళ్ళలో మనిషి చేతిలో ఏది పట్టుకుని పోతే దాన్ని ఇంట్లో ఉంచరు, మనిషితోనే పంపిస్తారు. మా నాన్న చేతిలో పొగాకు తిత్తి ఉంటే దాన్ని పంపించాము. ఇప్పుడు రిమోట్. పెద్దవాళ్ళు కాసేపు ముఖాలు చూసుకున్నారు. "చేతిలో ఉండేది ఏదైనా ఒకటే" అని నేనే అన్నాను. మాలో పూడుస్తాము. రిమోట్‌ను కుడిచేతిలోనే ఉంచి మట్టి వేశారు. చిన్నవాడు ఇంట్లోకి రాలేదు. పాడె సందులోకి దిగాక వచ్చి భుజం పెట్టాడు. నోరు తెరవలేదు.

పదిహేను రోజులు తిరగకముందే మరదలు ఫోను చేసింది.

"వదినా, చానల్ మారె."

"మారితే మారనీ. కేబులాయనకి చెప్పు."

"అట్ల కాదు వదినా. మూడుంపావుకి మారె. ఆయన పాటలకి మారె. నిన్నా మారె, ఈ పొద్దూ మారె. రిమోట్ ఆయన చేతిలో ఉండాది వదినా. మట్టిలో ఉండాది."

రోజూ మూడుంపావుకి ఒక చానల్‌లో పాత పాటలు వస్తాయి. పెద్దవాడు అవి తప్పకుండా చూసేవాడు. ఆయన పోయాక ఇల్లు మరీ మూగగా ఉందని మరదలు పొద్దున పెట్టిన టీవీని పడుకునేదాకా ఆపేది కాదు. రిమోట్ లేదు కాబట్టి కేబుల్ పెట్టె మీది బటన్ నొక్కి వార్తలో ఇంకేదో పెట్టి, వంటింట్లో పని చేసుకునేది. మూడుంపావుకి దానంతట అదే పాటలకి మారిపోతోంది.

నేను బస్సెక్కి వెళ్ళాను. నాకు దెయ్యాల భయం లేదని గొప్పలు చెప్పను. మరదలు, నేను టీవీ ముందు కూర్చున్నాము. టీవీలో ఎవరో ఆమె అప్పడాలు చేస్తోంది. నూనెలో అప్పడం పొంగుతుండగానే బొమ్మ చిన్నగా వణికి, నల్లబడి, పాట వచ్చింది. నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. మరదలు మాత్రం లేచి వెళ్ళి లోటాలో కాఫీ తెచ్చి, ఖాళీ కుర్చీ పక్కన పెట్టింది. కొంగు సరిచేసుకుని నేల మీద కూర్చుంది. ఆయన ఉన్నప్పుడు కూర్చున్నట్టే కూర్చుంది.

"భయం లేదా పిల్లా?" అన్నాను.

"నా మొగుడు నాకేమి భయం? వస్తాడు, పాట వింటాడు, పోతాడు. మీకు భయమైతే ఆ పక్క కూర్చోండి."

నేను మూడు రోజులు ఉన్నాను, మూడు రోజులూ మారింది. ఆ మూడు రోజులూ మేము టీవీవైపే చూశాము. ఒక్కరమూ వెనక్కి తిరిగి చూడలేదు.

మరదలికి ఒక్కతే కూతురు. విరుదునగరులో నా వీధిలోనే కాపురం, పప్పు మిల్లు ఆఫీసులో పని. దానికి ఇదంతా నచ్చలేదు. "అత్తా, మట్టిలో పెట్టిన రిమోట్‌కి బ్యాటరీ యెవరు మారస్తాండారు? అమ్మకి తల చెడతాండాది. ఆ పెట్టెని తీసేస్తేదా సరి" అన్నది. అన్నట్టే ఆడి మాసం రాగానే కొత్త టీవీ ఒకటి వ్యానులో వేసుకుని కోవిల్‌పట్టికి బయలుదేరింది. నన్నూ ఎక్కించుకుంది. పాత టీవీని, పెట్టెను కేబులతను అదే పూట ఎత్తుకుపోయాడు, తీగను కత్తిరించి గోడకి చుట్ట చుట్టి వదిలేశాడు.

కొత్త రిమోట్ చిన్న చిక్కుడుకాయంత ఉంది. బటన్లు నాలుగో అయిదో. నేను కళ్ళద్దాలు పెట్టుకుని తిప్పి తిప్పి చూశాను. ఇంత కష్టపడి అక్షరాలు నేర్చుకున్నాను కదా, దాని మీద ఒక్క అక్షరం లేదు. అన్నీ బొమ్మలే.

"దీన్ని నొక్కేది వద్దత్తా, మాట్లాడితే చాలు" అన్నది మేనకోడలు. "ఇదో, ఈ మైకు బొమ్మని పట్టుకోని యేమి కావాలో చెప్పు."

"పాట ఎయ్యి" అన్నాను. టీవీ మీద ఒక చక్రం తిరిగింది, తిరిగింది, మీరు చెప్పింది అర్థం కాలేదని అరవంలో జవాబు చెప్పింది.

"అరవంలో చెప్పత్తా. మన తెలుగు దానికి రాదు. ఆంధ్రా తెలుగైతే వచ్చునంట."

"మన తెలుగు ఆంధ్రా మనుషులకే అర్థం కాదు, ఇంక దీనికేమి అర్థమవును" అన్నాను. అందరం నవ్వాము. మరదలు కూడా నవ్వింది. తరువాత చాలా రోజులు అది నవ్వలేదు.

ఆ మధ్యాహ్నం మూడుంపావు అయింది. టీవీలో ఎవరో ఇల్లు ఊడుస్తూ ఏడుస్తున్నారు. ఏడుస్తూనే ఉన్నారు. మరదలు కాఫీ తెచ్చి కుర్చీ పక్కన పెట్టి కూర్చుంది. బొమ్మ మారలేదు. కాఫీ మీద మీగడ కట్టింది. కూతురు అరవంలో రిమోట్‌కి చెప్పి పాత పాట వేసింది, శబ్దం కూడా పెంచింది.

"తగ్గించే!" అని మరదలు అరిచింది. "ఈ ఇంట్లో శత్తం పెంచకూడదని తెలీదా నీకు? ఆపు. నువ్వు పెట్టినది నాకేటికి?"

మరునాడు కూడా మారలేదు. ఆ మరునాడూ అంతే. మరదలు కుర్చీవైపు చూసి, "కొత్తది చూసి ఇది మన ఇల్లు కాదని పోయినాడు" అన్నది. అంతే, అన్నం ముట్టడం మానేసింది. కాఫీ నీళ్ళు తాగేది, అవీ సగం. వండేది, మాకు పెట్టేది, తను మాత్రం వంటింటి గోడకి ఆనుకుని కూర్చునేది. బతిమాలాము, తిట్టాము. "ఆకలి లేదు వదినా" అనేది. గాజులు తీసిన చేతులు పుల్లల్లాగా అయ్యాయి. శుక్రవారం పొద్దున నీళ్ళ కుండ ఎత్తబోయి కింద కూలబడింది. కూతురు భయపడి ఆ పాత పెట్టె కోసం కేబులతనికి ఫోను చేసింది. అది ఎవరింటికో వెళ్ళిపోయిందన్నాడు.

ఆ మధ్యాహ్నం నేను లోపల కూర్చోలేకపోయాను. ఆ మూడుంపావు వచ్చేటప్పుడు మరదలి ముఖం చూడటం నావల్ల కాలేదు. బయటి అరుగు మీద నీడలో కూర్చుని తమలపాకుకి సున్నం రాస్తున్నాను. మూడుంపావుకి ఇంకా కాస్త ఉండగానే ఎదురింటి తలుపు ఓరగా తెరుచుకుంది.

చిన్న తమ్ముడు. తలుపు సందులోంచి చెయ్యి బయటికి చాచాడు. చేతిలో రిమోట్ ఉంది. నా తల మీదుగా, అన్న ఇంట్లోని టీవీవైపు గురిపెట్టి నొక్కాడు. ఆగాడు. మళ్ళీ నొక్కాడు. రిమోట్‌ను అరచేతి మీద కొట్టి మళ్ళీ నొక్కాడు. ఎంత పిలిచినా తిరిగి చూడని మనిషిని పిలుస్తున్నట్టు ఉంది వాడి ముఖం. నన్ను చూడలేదు.

ఆకు కింద పడేసి సందు దాటి వెళ్ళాను. వాడి పెళ్ళాం అగ్గిపెట్టెల కంపెనీలో పనికి పోతుంది, పగలు వాడొక్కడే.

"యేమిరా చేస్తాండావు?"

రిమోట్‌ను లుంగీ మడతలో దాచబోయాడు, చిన్నప్పుడు బెల్లం దాచినట్టు.

"దాచద్దు. నాకు కండ్లు పోలేదింకా. నువ్వుదానా దినమూ మార్చినది?"

 నేల చూస్తూ చెప్పాడు. రెండేళ్ళ కింద వాడు కాలు విరిగి మంచాన పడ్డాడు. రిమోట్ అందనంత దూరంలో పడిపోయింది, ఇంట్లో ఎవరూ లేరు. అప్పుడు టీవీ దానంతట అదే మారి పాటలు వచ్చాయి. తల తిప్పి చూస్తే ఎదురింటి గడపలో అన్న, చెయ్యి చాచి నిలబడి ఉన్నాడు. ముఖం మాత్రం పక్కకి తిప్పుకుని ఉన్నాడు. రెండిళ్ళలోనూ ఒకే కేబులతను ఇచ్చిన పెట్టెలు, ఒకదాని రిమోట్ ఇంకొకదానికి పనిచేసింది. ఆ రోజు నుంచి మూడుంపావుకి అన్న తన ఇంట్లో పాటలు పెట్టుకుని, మరదలు కాఫీకి వంటింట్లోకి పోగానే గడపలోకి వచ్చి తమ్ముడి ఇంట్లోనూ పెట్టేవాడు. కాలు బాగైనా ఆపలేదు. ఇద్దరూ ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుని ఒకే పాట వినేవాళ్ళు.

"ఆయన పోయినాక నా టీవీ మారలేదక్కా," అన్నాడు. "మూడుంపావుకి మారుతుందని చూస్తి. మారలేదు. అందుకే ఆయన ఇంట్లో నేను పెడ్తి. మాట్లాడలేదు, గడప తొక్కలేదు. సూడం అణిచిన మాట తప్పలేదు." అరచెయ్యి చాపి చూపించాడు. మధ్యలో పాత మచ్చ నున్నగా మెరిసింది.

"దాన్ని మొగుడని నమ్మి అది కాఫీ పెట్టెరా. ఇప్పుడు రాలేదని అన్నం మానేసె. ఈ పొద్దు కింద పడె. అదీ పోవాలనా?"

వాడు రిమోట్‌ను తిప్పి చూసుకున్నాడు. "నేనేమి చేసేది? ఆ కొత్తది నా మాట వినలేదే."

"అది మాటేరా వినేది, వేలు చెప్తే వినదు. నోరు తెరవాలి. వస్తావా, రావా?"

"అక్కా, అమ్మ పోయిన పొద్దు రిమోట్ నా చేతిలో లేదు."

"నిన్ను ఇప్పుడెవరురా అడిగినారు?"

వచ్చాడు. చెప్పులు లేకుండా, తన రిమోట్ చేతిలో పట్టుకునే వచ్చాడు. గడప దగ్గర ఆగిపోయాడు. టీవీలో మూడుంపావు. లోపల మేనకోడలు లేచి నిలబడి, "చిన్నాయనా" అన్నది. మరదలు వంటింట్లో ఉంది, మాకు కనిపించడం లేదు. నేను కొత్త రిమోట్ తెచ్చి మైకు బొమ్మ మీద బొటనవేలు నొక్కి వాడి నోటి దగ్గర పెట్టాను.

వాడు టీవీవైపు చూశాడు. ఆ ఇంట్లో గొంతు విప్పి ఎన్నేళ్ళయిందో. బొంగురుగా, మనిషితో చెప్పినట్టు మన తెలుగులోనే చెప్పాడు. "పాటలు పెట్టు. మూడుంపావు అయ్యె."

చక్రం తిరిగింది. అర్థం కాలేదని టీవీ చెప్పింది.

వంటింట్లో గిన్నె దించిన చప్పుడు. "అయ్యెనా? ఉండండి, కాఫీ కాగుతాండాది, తెస్తా."

మాలో ఎవరమూ కదల్లేదు. మరదలు అన్నది మాతో కాదు, ఆ గొంతుతో. చిన్నవాడు వెనక్కి అడుగు వేయబోతే చొక్కా పట్టుకున్నాను. మరదలు లోటా పట్టుకుని వచ్చింది. ముందు కుర్చీ చూసింది. ఖాళీ. తరువాత గడపవైపు తిరిగింది. వాణ్ణి, వాడి చేతిలోని పాత రిమోట్‌ను చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను, శపిస్తుందేమో అనుకున్నాను.

"అదీ నువ్వేనా, అబ్బయ్యా?" అన్నది.

వాడు జవాబు చెప్పబోయాడు. మరదలు చెయ్యెత్తి ఆపింది. "నా ముందర వద్దు. నేను లోపలికి పోయినాక మాట్లాడు."

లోటా కుర్చీ పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గోడ అవతల కూర్చున్నట్టుంది, గాజులు లేని చేతులకి చప్పుడు ఉండదు కాబట్టి సరిగా తెలియలేదు. చిన్నవాడు నావైపు చూశాడు. నేను వాడి చొక్కా వదిలాను. ఒక కాలు ఎత్తి గడప దాటించి లోపల పెట్టాడు. గోడవైపు చూస్తూ అన్నాడు:

"అన్నం తిను."

వదినా అని పిలవలేదు. ఎందుకు పిలవలేదో నేను అడగలేదు, ఇప్పటికీ అడగలేదు.

చాలాసేపు ఏమీ వినపడలేదు. తరువాత కంచం నేల మీద పెట్టిన చప్పుడు, గరిటె కుండకి తగిలిన చప్పుడు. మేనకోడలు టీవీ ఆపేసి నోట్లో కొంగు కుక్కుకుంది.

ఆ రోజు నుంచి చిన్నవాడు రోజూ ఆ వేళకి వస్తాడు. రిమోట్‌కి అరవంలో చెప్పి పాటలు వేసి, శబ్దం తగ్గించి, వంటింటివైపు ఒక మాట మన తెలుగులో అంటాడు. వాన వచ్చేలాగుందనో, బియ్యం అయిపోయాయా అనో. మరదలు లోపలినుంచే జవాబు చెబుతుంది. పాటలు అయిపోయి వాడు వెళ్ళేదాకా బయటికి రాదు. వాడు తాళ్ళ కుర్చీలో కూర్చోడు, నేల మీదే కూర్చుంటాడు. ఇది మంచిదేనా అని మేనకోడలు నన్ను అడిగింది. తింటోంది కదా అన్నాను. నాకు అంతకంటే తెలియదు. ఒక్కోసారి నేను వెళ్ళినప్పుడు వంటింట్లో దాని పక్కన కూర్చుంటాను. ఆ గొంతు వినపడగానే నా నోట్లోనూ పెద్దోడా అనే వస్తుంది. మింగేస్తాను.

ఆ శుక్రవారం అక్కడ ఉన్నవాళ్ళు వీళ్ళు. నేను, గుమ్మం పక్కన. మా చిన్న తమ్ముడు, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. మేనకోడలు, టీవీ ముందు. మా పెద్ద మరదలు, వంటింట్లో, కంచం ముందు. మా అమ్మ, గోడ మీద పటంలో, లోపలి గది తలుపు పైన. పెద్ద తమ్ముడి పటం ఇంకా గోడకి ఎక్కించలేదు, ఏడాది తిరగకుండా ఎక్కించకూడదు. అందుకని వాడు ఎక్కడ ఉన్నాడని రాయాలో నాకు తెలియలేదు. ఉన్నాడని మాత్రం రాస్తున్నాను.